నాడీ జన్యు పరిశోధనలో ఏం అచ్చవుతోంది, తిరుపతి నుంచి ఏం రాయాలి: సమగ్ర మార్గదర్శి

నరాల జబ్బుల వెనక ఉన్న జన్యువుల మీద పేపర్ రాయాలనుకునే పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకు తిరుపతి మంచి చోటు. స్విమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది. రుయా ఆసుపత్రికి రాయలసీమ ఊళ్ల నుంచి, నెల్లూరు వైపు నుంచి రోగులు వస్తారు. ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా యూనివర్సిటీలో జీవశాస్త్ర ల్యాబ్‌లు ఉన్నాయి. ఏర్పేడు వైపు వెళితే ఐఐటీ, ఐసర్. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఎంతో దూరం లేదు. ఇన్ని ఉన్నా, నేను చూసినంతలో ఎక్కువమంది ఎంచుకునే టాపిక్ ఇప్పటికీ ఒకే మూసలో ఉంటోంది: ఒక జబ్బు, ఒక జన్యువులో ఒక పాలిమార్ఫిజం (మనిషికీ మనిషికీ మధ్య ఉండే చిన్న జన్యు తేడా), 100 మంది రోగులు, 100 మంది ఆరోగ్యవంతులు, పీసీఆర్, జెల్ ఫోటో, చివర ఒక పీ వాల్యూ (తేడా నమ్మదగినదో కాదో అంచనా వేసే అంకె).

ఇరవై ఏళ్ల కిందట ఇలాంటి పేపర్‌కు చోటు దొరికేది. ఇప్పుడు మంచి జర్నల్‌లో అది రివ్యూయర్ దాకా వెళ్లడమే కష్టం. ఏళ్ల తరబడి రక్త నమూనాలు సేకరించిన విద్యార్థికి ఈ సంగతి తెలిసేసరికి థీసిస్ గడువు దగ్గర పడుతుంది. ఆ టెన్షన్‌లో, డబ్బు కడితే ఏదైనా వేసే జర్నల్‌కు పంపేస్తారు. రోగులు ఇచ్చిన రక్తం, వాళ్ల నమ్మకం అక్కడితో వృథా అయిపోతాయి. నాకు బాధ కలిగించేది ఇదే.

ప్రచురణ ధోరణులను చదవడం ఎలాగో, చదివాక ఏ ప్రశ్న ఎంచుకోవాలో, ఆ ప్రశ్నను అచ్చు దాకా ఎలా తీసుకెళ్లాలో ఈ వ్యాసంలో వరసగా చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నలుగురూ ఏం రాస్తున్నారో చూసి మనమూ అదే రాయడం కోసం ధోరణిని చదవకూడదు. ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఎక్కడుందో తెలుసుకోవడానికి చదవాలి. అలా చదివితే, తిరుపతి విద్యార్థికి ఖరీదైన యంత్రం కన్నా శ్రద్ధగా రాసుకున్న ఒక్క కుటుంబ చరిత్ర పెద్ద ఆస్తి అని అర్థమవుతుంది.

1. ఈ రంగం ఎలా నడిచి వచ్చిందో ముందు తెలుసుకోండి

ఈ రంగంలో మొదటి దశ కుటుంబాలది. హంటింగ్టన్ జబ్బుకు కారణం 4వ క్రోమోజోమ్ మీద ఉందని 1983లో తెలిసింది. అసలు జన్యువు దొరకడానికి మరో పదేళ్లు పట్టి 1993 వచ్చింది. ఆ విజయానికి ఆధారం వెనిజులాలో మారకైబో సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్ల కుటుంబాలు. నాన్సీ వెక్స్లర్ బృందం ఏటా అక్కడికి వెళ్లి, ఎవరు ఎవరి బిడ్డో, ఎవరికి ఏ వయసులో జబ్బు మొదలైందో రాసుకుంది. ఆ వంశవృక్షం లేకపోతే ల్యాబ్‌లో ఎన్ని పరీక్షలు చేసినా ఫలితం ఉండేది కాదు. వెన్నెముక కండరాల క్షీణతకు కారణమైన ఎస్‌ఎంఎన్1 జన్యువు 1995లో, ఫ్రీడ్రైక్ అటాక్సియా (నడక, కదలికల పట్టు తప్పే ఒక జబ్బు) జన్యువు 1996లో, పార్కిన్సన్ జబ్బుతో ముడిపడిన సిన్యూక్లిన్ జన్యువు 1997లో, పార్కిన్ 1998లో బయటపడ్డాయి. వీటన్నిటికీ కుటుంబాలే దారి చూపాయి.

రెండో దశలో, జబ్బుతో సంబంధం ఉండొచ్చని ఒక జన్యువును ముందే ఊహించి, రోగుల్లోనూ ఆరోగ్యవంతుల్లోనూ పోల్చే పద్ధతి వచ్చింది. మన థీసిస్‌ల మూస ఇక్కడిదే. ఒకచోట వచ్చిన ఫలితం మరోచోట రాకపోవడం దీని ఇబ్బంది. డిప్రెషన్‌కు సంబంధం ఉందని ఏళ్ల తరబడి వందల పేపర్లలో చెప్పిన 18 జన్యువులను 2019లో చాలా పెద్ద నమూనాలో మళ్లీ పరీక్షించారు. ఏ లెక్కా లేకుండా ఎంచుకున్న ఇతర జన్యువుల కన్నా వాటికి ప్రత్యేకత ఏమీ కనిపించలేదు. అప్పటి నుంచి ఎడిటర్లు ఇలాంటి పేపర్ల విషయంలో ఇంకా కఠినంగా ఉంటున్నారు.

మూడో దశ మొత్తం జీనోమ్‌ను ఒకేసారి వెతికే జీ-వాస్ అధ్యయనాలది. ఇందులో పీ వాల్యూ 0.05 కన్నా తక్కువ ఉంటే చాలదు, 0.00000005 కన్నా తక్కువ ఉండాలి. అంటే వేలల్లో రోగులు కావాలి. పార్కిన్సన్ జబ్బుకు 2019 నాటికి 90 సంకేతాలు దొరికాయి. స్కిజోఫ్రీనియాకు 2014లో 108 ఉన్న స్థానాలు 2022కు 287 అయ్యాయి. మూర్ఛ మీద 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం 26 స్థానాలు చూపించింది. ఇవన్నీ దేశాలు దాటిన బృందాల పని. ఒక్క ఊరి నుంచి ఒక్క విద్యార్థి చేయగలిగినది కాదు. బృందంలో చేరి తన వంతు నమూనాలు ఇవ్వడం మాత్రం చేయగలిగిన పనే.

ఎక్సోమ్ సీక్వెన్సింగ్, అంటే జీనోమ్‌లో ప్రోటీన్లను తయారుచేసే భాగాలను మాత్రమే చదివే పరీక్ష, చవకయ్యాక నాలుగో దశ మొదలైంది. 2010 తర్వాత అరుదైన జబ్బుల జన్యువులు వరసగా దొరికాయి. ఆ వరస ఇంకా ఆగలేదు. పెద్ద వయసులో మొదలయ్యే ఒక రకం అటాక్సియాకు ఆర్‌ఎఫ్‌సీ1 జన్యువులోని రిపీట్ (ఒకే చిన్న డీఎన్‌ఏ ముక్క పదేపదే రావడం) కారణమని 2019లో, మరో రకానికి ఎఫ్‌జీఎఫ్14లోని రిపీట్ కారణమని 2023 ప్రాంతంలో తేలింది. ప్రోటీన్‌ను తయారుచేయని ఆర్‌ఎన్‌యూ4-2 అనే చిన్న జన్యువులో మార్పు చాలామంది పిల్లల్లో మేధో వైకల్యానికి కారణమని 2024లో తెలిసింది. ఆ పిల్లల్లో ఎంతోమందికి అంతకుముందే పరీక్షలు చేసి ఏమీ లేదని చెప్పి పంపారు. ఇప్పటి ధోరణి ఇదే: ఎక్సోమ్ చూడలేని చోట వెతకడం, డీఎన్‌ఏను పొడవైన ముక్కలుగా చదివే లాంగ్ రీడ్స్ వాడటం, జవాబు రాని పాత కేసులను మళ్లీ తెరవడం.

దీనికి తోడు రెండు బలమైన పాయలున్నాయి. ఒకటి చికిత్స. వెన్నెముక కండరాల క్షీణతకు (ఎస్‌ఎంఏకు) నుసినెర్సెన్ అనే మందు 2016లో, జన్యు చికిత్స 2019లో, నోటితో తీసుకునే రిస్డిప్లామ్ 2020లో అమెరికాలో అనుమతి పొందాయి. ఎస్‌ఓడీ1 మార్పు వల్ల వచ్చే ఏఎల్‌ఎస్‌కు (కండరాలను నడిపే నరాలు క్షీణించే జబ్బుకు) టోఫెర్సెన్ 2023లో వచ్చింది. జన్యు నిర్ధారణతో వైద్యం మారుతున్నకొద్దీ దాని మీద రాసే పేపర్ విలువ పెరిగింది. రెండోది వైవిధ్యం. జీ-వాస్‌లలో పాల్గొన్నవాళ్లలో నాలుగింట మూడు వంతులకు పైగా యూరప్ మూలాలున్నవాళ్లే. 2023లో ఆఫ్రికా మూలాలున్న పార్కిన్సన్ రోగులను విడిగా చదివితే, ఆ జబ్బుతో ముడిపడినట్టు అంతకుముందు తెలియని ఒక జీబీఏ1 మార్పు బయటపడింది. మన జనాభా నుంచి జాగ్రత్తగా వచ్చిన డేటా కోసం జర్నళ్లు ఎదురుచూస్తున్నాయంటే కారణం ఇదే.

2. ధోరణిని మీరే లెక్కపెట్టండి

ఎవరో రాసిన రివ్యూ మీద ఆధారపడకుండా ఒక రోజు వైద్య పేపర్లను వెతికే పబ్‌మెడ్ సైట్‌తో కూర్చోండి. అది ఉచితం. మామూలు మాటలతో వెతికితే చెత్త కూడా వస్తుంది కాబట్టి మెష్ పదాలు, అంటే పేపర్లకు విషయాన్ని బట్టి తగిలించే ప్రామాణిక పదాలు, వాడండి. నెర్వస్ సిస్టమ్ డిసీజెస్ అనే మెష్ పదానికి జెనెటిక్స్ అనే సబ్‌హెడింగ్ జోడిస్తే రంగం మొత్తం కనబడుతుంది. అది మరీ పెద్ద గుట్ట. మీ జబ్బు దాకా దిగండి: ఎపిలెప్సీ, స్పైనోసెరెబెల్లార్ అటాక్సియాస్, మస్కులర్ డిస్ట్రఫీస్, ఏదైతే అది. దానికి ఇండియా అనే మెష్ పదం కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి వెతకండి. ఎడమవైపు ఏడాదివారీ గ్రాఫ్ వస్తుంది, దాన్ని సీఎస్‌వీ ఫైలుగా దించుకోవచ్చు. ఇండియా కలిపిన గీతకూ, కలపని గీతకూ ఉన్న తేడాలోనే మీ టాపిక్ దొరకవచ్చు.

గ్రాఫ్ చూసి వెంటనే నమ్మకండి. ఇక్కడ పొరపడటం చాలా తేలిక, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. పబ్‌మెడ్‌లో 2013 దాకా మొదటి రచయిత చిరునామా మాత్రమే నమోదయ్యేది. 2014 నుంచి అందరి చిరునామాలూ వస్తున్నాయి. కాబట్టి తిరుపతి అని వెతికితే 2014 దగ్గర సంఖ్య పెరిగినట్టు కనిపించవచ్చు. అందులో కొంత నిజమైన పెరుగుదల కాదు, నమోదు పద్ధతి మారడం వల్ల వచ్చినది. ఇక చివరి సంవత్సరం ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఏడాది ఇంకా పూర్తికాలేదు కదా. పేపర్‌కు మెష్ పదాలు చేరడానికి కొంత సమయం పడుతుంది కూడా. దాన్ని చూసి పరిశోధన తగ్గిపోయిందని రాయకూడదు.

మన ఊరి పేరు మరో చిక్కు. ఇంగ్లిష్‌లో తిరుపతి చివర హెచ్ అక్షరం పెట్టేవాళ్లూ ఉన్నారు, పెట్టనివాళ్లూ ఉన్నారు. వేంకటేశ్వర అనే పేరుకైతే ఎన్ని స్పెల్లింగులో. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడకముందు వచ్చిన పేపర్లలో చిత్తూరు జిల్లా అని ఉంటుంది. స్విమ్స్‌ను కొందరు పూర్తి పేరుతో, కొందరు పొడి అక్షరాలతో రాస్తారు. ఈ రూపాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మధ్యలో 'ఆర్' (OR, అంటే 'లేదా') పెట్టి ఒకే వెతుకులాటలో కలపండి. మీ పేపర్‌లో మాత్రం సంస్థ పేరు అధికారికంగా ఎలా ఉందో అలాగే రాయండి. ఆర్కిడ్ నంబర్ (ప్రతి పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోండి, ఉచితమే. మన తెలుగువాళ్లలో ఇంటిపేరు ఒక అక్షరమై ముందు నిలబడటం వల్ల ఒకే మనిషి నాలుగు పేర్లతో కనిపిస్తాడు. ఆర్కిడ్ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

జన్యువుల పేర్లు కూడా మారతాయి. పార్క్2 ఇప్పుడు పీఆర్‌కేఎన్ అయింది, జీబీఏ ఇప్పుడు జీబీఏ1. పాత పేరు, కొత్త పేరు రెండూ పెట్టి వెతకాలి. ఎక్సెల్‌లో పనిచేసేవాళ్లు మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి. భుజం, చేయి నరాలకు వంశపారంపర్యంగా వచ్చే ఒక జబ్బుకు కారణమైన సెప్ట్9 జన్యువును ఎక్సెల్ సెప్టెంబర్ 9వ తేదీగా మార్చేస్తుంది. ఇలాంటి పొరపాట్లు ఎంతగా పెరిగాయంటే, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ దాన్ని సెప్టిన్9గా మార్చింది. పాత డేటాలో తేదీ కనిపిస్తే అది జన్యువేమో చూడండి.

ధోరణి విశ్లేషణనే పేపర్‌గా రాయాలనుకుంటే, అంటే బిబ్లియోమెట్రిక్ అధ్యయనం చేయాలనుకుంటే, స్కోపస్ లేదా వెబ్ ఆఫ్ సైన్స్ అనే పేపర్ల డేటాబేస్‌ల నుంచి డేటా దించుకోవాలి. అవి అందుబాటులో లేకపోతే 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ ఉచితంగా దొరుకుతుంది. లైడెన్ యూనివర్సిటీ వాళ్ల వీఓఎస్‌వ్యూయర్, ఆర్ భాషలో పనిచేసే బిబ్లియోమెట్రిక్స్ ప్యాకేజీ, ఆ డేటాను విశ్లేషించే ఈ సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితమే. కోడ్ రాయడం రానివాళ్లకు బిబ్లియోషైనీ అనే తెర ఉంది. అయితే రంగురంగుల గుండ్రాల బొమ్మలు నాలుగు పెట్టి, ఏ దేశం ముందుందో చెప్పి ఆపేసే పేపర్లు ఇప్పటికే చాలా వచ్చాయి. మీ అధ్యయనంలో ఒక గట్టి ప్రశ్న ఉండాలి. ఉదాహరణకు, భారతదేశం నుంచి వచ్చిన అటాక్సియా పేపర్లలో ఎన్నింటిలో కుటుంబసభ్యులను కూడా పరీక్షించారు? ఎన్నింటిలో వేరియంట్‌ను (దొరికిన జన్యు మార్పును) బహిరంగ డేటాబేస్‌లో పెట్టారు? ఇలాంటివి సాఫ్ట్‌వేర్ చెప్పదు. ఒక్కో పేపర్ తెరిచి చదివి, పట్టికలో రాసుకోవాలి. ఆ శ్రమే దానికి విలువ తెస్తుంది.

3. మన నేల మీది ప్రశ్న ఎంచుకోండి

రాయలసీమలో మేనరికాలు ఇంకా ఉన్నాయి. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే వాళ్ల బిడ్డ జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు రెండు వైపుల నుంచి అచ్చంగా ఒకే రకంగా వస్తాయి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్లి అయితే పదహారో వంతు. మామూలుగా దాగి ఉండే, జన్యువు రెండు కాపీలూ మారితేనే వచ్చే రిసెసివ్ జబ్బులు ఇలాంటి ఇళ్లలో బయటపడతాయి: లాఫోరా మూర్ఛ, విల్సన్ జబ్బు, కొన్ని రకాల కండరాల క్షీణత, చిన్న వయసులో మొదలయ్యే అటాక్సియాలు. పరిశోధకుడి దృష్టిలో అలాంటి కుటుంబం ఒక దారి చూపిస్తుంది. జబ్బున్న అన్నదమ్ములిద్దరిలో ఒకేలా ఉన్న జీనోమ్ ముక్కలను మాత్రమే వెతికితే చాలు.

మేనరికం లేకపోయినా, శతాబ్దాలుగా ఒకే కులంలో పెళ్లిళ్లు జరగడం వల్ల ఇలాంటి ప్రభావమే ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2017లో ప్రచురించిన పేపర్‌లో దక్షిణాసియాలో 263 సమూహాలను చూశారు. వాటిలో 81 సమూహాల్లో, కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరగడం వల్ల వచ్చే ఫౌండర్ ప్రభావం ఫిన్లాండ్ ప్రజల్లో కన్నా బలంగా ఉంది. వైశ్యుల్లో మత్తుమందు సమయంలో వాడే కండరాల సడలింపు మందు పడకపోవడం తెలిసిన ఉదాహరణ. అది బీసీహెచ్‌ఈ జన్యువు వల్ల. ఉత్తరాదిన అగర్వాల్ కుటుంబాల్లో ఎస్‌సీఏ12 (స్పైనోసెరెబెల్లార్ అటాక్సియాల్లో ఒక రకం), పిల్లల తల పెద్దదయ్యే ఎంఎల్‌సీ1 జబ్బు ఇలాంటివే. మన వైపు సమూహాల్లో ఏమున్నాయో ఇంకా చాలా భాగం ఎవరూ రాయలేదు.

కాబట్టి టాపిక్ ఇలా పెట్టుకోవచ్చు. ఒకే జబ్బుతో వచ్చిన, రక్తసంబంధ వివాహం ఉన్న కొన్ని కుటుంబాల క్లినికల్, జన్యు వివరణ. లేదా ఎక్సోమ్‌లో జవాబు రాని అటాక్సియా రోగుల్లో రిపీట్ పరీక్షలు. లేదా ఒకే జన్యు మార్పు ఉన్న అన్నాచెల్లెళ్లలో జబ్బు వేర్వేరుగా ఎందుకుంది. 12 కుటుంబాలైనా సరే, ప్రతి కుటుంబంలో తల్లిదండ్రులు, తోబుట్టువులతో సహా పరీక్షించి రాస్తే, 200 మందితో చేసిన పాలిమార్ఫిజం పేపర్ కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒకదానికి మాత్రం దూరంగా ఉండండి. ఇంటర్నెట్‌లో దొరికే జీ-వాస్ ఫలితాలను తీసుకుని, మెండీలియన్ రాండమైజేషన్ (జన్యు తేడాల ఆధారంగా కారణ సంబంధాన్ని అంచనా వేసే పద్ధతి) పేరుతో 'ఫలానా తిండికీ ఫలానా నరాల జబ్బుకూ కారణ సంబంధం' అని తేల్చే పేపర్లు గత కొన్నేళ్లలో వరదలా వచ్చాయి. పద్ధతి మంచిదే, వాడిన తీరు యాంత్రికం. చాలా జర్నళ్లు ఇప్పుడు వాటిని గేటు దగ్గరే ఆపేస్తున్నాయి. రోగిని చూడకుండా, రక్తం తీయకుండా వారంలో పేపర్ అవుతుందని ఎవరైనా ఆశ పెడితే ఒప్పుకోకండి.

4. రక్తం తీయకముందే అనుమతులు

సంస్థ ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క నమూనా కూడా తీయకూడదు. తర్వాత తెచ్చుకుందామంటే కుదరదు, జర్నల్ ఆమోదం తేదీ అడుగుతుంది. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు చదివి దరఖాస్తు రాయండి. నమూనాల్లోనో డేటాలోనో విదేశీ సంస్థ భాగస్వామి అయితే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. దానికి నెలలు పట్టవచ్చు, ముందే మొదలుపెట్టండి.

సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, అదీ చదివితే అర్థమయ్యే తెలుగులో. సరిహద్దు మండలాల నుంచి వచ్చేవాళ్లకు తమిళంలోనూ అవసరం పడుతుంది. 'జన్యు విశ్లేషణ నిమిత్తం' అని రాసే బదులు, "మీ ఇంట్లో ఈ జబ్బు తరతరాలుగా ఎలా వస్తోందో తెలుసుకోవడానికి రక్తం తీసుకుంటాం" అని రాయండి. వేరే జబ్బు సంగతి అనుకోకుండా బయటపడితే చెప్పాలా వద్దా, పేపర్‌లో ఫోటో లేదా వీడియో వేయవచ్చా, డేటాను పేర్లు తీసేసి ఇతర పరిశోధకులకు ఇవ్వవచ్చా, ఈ మూడింటికీ విడివిడిగా సంతకం తీసుకోండి. ఏడేళ్లు దాటిన పిల్లలకు వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి వాళ్ల అంగీకారమూ తీసుకోవాలి.

వంశవృక్షం గురించి ఒక మాట. ఊరి పేరు, కులం, నాలుగు తరాల చార్టు మూడూ ఒకేచోట అచ్చువేస్తే, ఆ మండలంలో ఎవరైనా ఆ ఇంటిని గుర్తుపడతారు. పెళ్లి కావాల్సిన ఆడపిల్ల ఉన్న ఇల్లయితే పర్యవసానం ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఊరి పేరు తీసేయండి. కులం పేరు శాస్త్రపరంగా అవసరమైతేనే, కుటుంబం ఒప్పుకుంటేనే రాయండి. మేనరికం గురించి మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులను తప్పుపట్టే మాట ఒక్కటీ రాకూడదు, ఆసుపత్రి గదిలోనూ, పేపర్‌లోనూ.

5. సరైన పరీక్ష, జాగ్రత్తైన తీర్పు

అందరికీ ఎక్సోమ్ చేయించడం డబ్బు దండగ. ఎక్సోమ్ అంటే జీనోమ్‌లో 1 నుంచి 2 శాతం మాత్రమే. హంటింగ్టన్, ఫ్రీడ్రైక్ జబ్బులు, ఎస్‌సీఏల్లో తరచుగా కనిపించే రకాలు రిపీట్ పెరగడం వల్ల వస్తాయి. మామూలు ఎక్సోమ్ వాటిని నమ్మకంగా చూపదు, రిపీట్ పరీక్ష విడిగా చేయించాలి. ఎస్‌ఎంఏలో ఎస్‌ఎంఎన్1కు జిరాక్స్ కాపీలాంటి ఎస్‌ఎంఎన్2 పక్కనే ఉంటుంది, అందుకే దానికి ఎన్ని కాపీలున్నాయో లెక్కపెట్టే డోసేజ్ పరీక్ష కావాలి. డుషెన్ కండరాల క్షీణతలో ఎక్కువమందికి జన్యువులో ముక్కలే లేకుండా పోతాయి, కాబట్టి ముందు అలా పోయిన ముక్కలను పట్టే ఎంఎల్‌పీఏ పరీక్ష చేయించి, అందులో దొరకకపోతేనే సీక్వెన్సింగ్‌కు వెళ్లాలి. సొంతంగా యంత్రం లేదని దిగులుపడనక్కర్లేదు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరీక్షల జాతీయ కేంద్రం), నిమ్స్, బెంగళూరులో నిమ్హాన్స్, పక్కనే వేలూరు సీఎంసీ ఉన్నాయి. మీ దగ్గర కుటుంబం వివరం బాగుంటే కలిసి పనిచేయడానికి వాళ్లు ఆసక్తి చూపే అవకాశం ఉంది.

రిపోర్ట్ వచ్చాక అసలు పని మొదలవుతుంది. అమెరికా మెడికల్ జెనెటిక్స్ కాలేజీ 2015లో ఇచ్చిన పద్ధతి ప్రకారం వేరియంట్లు ఐదు తరగతులు: జబ్బు కలిగించేది, బహుశా కలిగించేది, అర్థం తెలియనిది, బహుశా హానిలేనిది, హానిలేనిది. మధ్యలో ఉన్న 'అర్థం తెలియనిది', అంటే వీయూఎస్, మన రోగులకు ఎక్కువగా వస్తుంది. మన జనాభా డేటా ప్రపంచ డేటాబేస్‌లలో తక్కువగా ఉండటం దానికి ఒక కారణం. ఏ జన్యు మార్పు ఎంతమందిలో ఉందో చూపే నోమాడ్ డేటాబేస్ నాలుగో వెర్షన్‌లో 8 లక్షల మందికి పైగా డేటా ఉంది. అందులో దక్షిణాసియా వాటా చిన్నది. అందుకే ఒక మార్పు నోమాడ్‌లో లేదంటే అరుదని తేల్చేయకండి. 1,029 మంది భారతీయుల జీనోమ్‌లున్న ఇండిజీనోమ్స్‌లోనూ చూడండి. జీనోమ్ ఇండియా కింద సేకరించిన సుమారు 10 వేల మంది డేటా ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో ఉంది, దానికి దరఖాస్తు చేసుకోవచ్చు.

వీయూఎస్‌ను పేపర్‌లో 'కారణం' అని రాయడమే మన దగ్గర నుంచి వెళ్లే పేపర్లు తిరిగి రావడానికి పెద్ద కారణమని నా అంచనా. దాన్ని పైకి తీసుకెళ్లే మార్గం కూడా మన చేతుల్లోనే ఉంది. తల్లిదండ్రులను, జబ్బున్న, లేని తోబుట్టువులను ఆ ఒక్క చోటును మాత్రం చదివే సాంగర్ సీక్వెన్సింగ్‌తో పరీక్షించండి. రిసెసివ్ జబ్బయితే తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లు (ఒక కాపీ మాత్రమే మారినవాళ్లు) కావాలి, జబ్బున్న పిల్లలందరిలో రెండు కాపీలూ మారి ఉండాలి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అలా ఉండకూడదు. ఆరుగురు పిల్లలున్న ఒక ఇల్లు అంతా ఒకరోజు ఓపీకి వచ్చి రక్తం ఇస్తే, ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని సాక్ష్యం వస్తుంది. వాళ్ల బస్సు ఛార్జీలు, ఆ రోజు కూలి ఇచ్చేలా ప్రాజెక్టు బడ్జెట్‌లో ముందే రాసుకోండి.

6. జర్నల్ ఎంపిక

రాయడం మొదలుపెట్టకముందే మూడు జర్నళ్లు ఎంచుకోండి. న్యూరాలజీ జెనెటిక్స్, న్యూరోజెనెటిక్స్, క్లినికల్ జెనెటిక్స్, జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్ లాంటివి కుటుంబ అధ్యయనాలు వేస్తాయి. కదలికల జబ్బులైతే మూవ్‌మెంట్ డిజార్డర్స్ క్లినికల్ ప్రాక్టీస్, మూర్ఛలైతే ఎపిలెప్సీ జర్నళ్లు చూడండి. మన దేశంలో యానల్స్ ఆఫ్ ఇండియన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ, న్యూరాలజీ ఇండియా, ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ ఉన్నాయి. స్విమ్స్ నుంచే జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ సైంటిఫిక్ రీసెర్చ్ వస్తోంది. మొదటి కేస్ రిపోర్ట్‌కు అది మన ఊళ్లోనే ఉన్న వేదిక.

ఓపెన్ యాక్సెస్ ఛార్జీ లక్షల్లో ఉంటుందని చాలామంది ముందే వెనకడుగు వేస్తారు. ఎన్నో మంచి జర్నళ్లలో చందా పద్ధతి కింద రచయిత ఏమీ కట్టనక్కర్లేదు. సబ్మిట్ చేసేటప్పుడు ఆ ఆప్షన్ ఎంచుకుంటే చాలు. చదవడానికైతే 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13 వేల జర్నళ్లు అందుతున్నాయి. మీ లైబ్రరీలో అడిగి లాగిన్ తీసుకోండి.

మంచి జర్నళ్లను గుర్తించి చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. కాబట్టి జర్నల్ మంచిదో కాదో తేల్చుకునే బాధ్యత మీ మీద, మీ గైడ్ మీద ఉంది. మెడ్‌లైన్‌లో (వైద్య జర్నళ్ల సూచికలో) ఉందా, డీఓఏజేలో (ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితాలో) ఉందా, ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు నిజంగా ఉన్నామంటున్నారా, రివ్యూ మూడు రోజుల్లో పూర్తిచేస్తామంటున్నారా, ఇవి చూడండి. "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి" అంటూ పీజీ విద్యార్థికి మెయిల్ పంపే జర్నల్‌ను పక్కనపెట్టండి. 2023లో ప్రపంచవ్యాప్తంగా 10 వేలకు పైగా పేపర్లను వెనక్కి తీసుకున్నారు. డబ్బుకు పేపర్లు తయారుచేసి అమ్మే ముఠాలే దానికి ముఖ్య కారణం. అలాంటి చోట పేరు చేరితే ఉద్యోగ జీవితమంతా వెంటాడుతుంది. పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ అచ్చయి ఉండాలన్న తప్పనిసరి నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది. మీ యూనివర్సిటీ నియమం ఏమిటో కనుక్కోండి, ఆ తర్వాతే కంగారుపడండి.

7. రాయడం

ముందు పట్టికలు, బొమ్మలు, తర్వాత ఫలితాలు, ఆ తర్వాత పద్ధతులు, చివరికి పరిచయం. ఈ వరసలో రాస్తే పని తేలిక. కేస్ రిపోర్ట్‌కు కేర్ (ఇది యూజీసీ జాబితా కాదు), పరిశీలనా అధ్యయనానికి స్ట్రోబ్, జన్యు సంబంధ అధ్యయనానికి స్ట్రెగా చెక్‌లిస్టులున్నాయి, నింపి జతచేయండి. వేరియంట్‌ను హెచ్‌జీవీఎస్ అనే అంతర్జాతీయ రాత పద్ధతిలో, ఏ ట్రాన్‌స్క్రిప్ట్ (జన్యువు నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ రూపం) మీద లెక్కవేశారో చెప్పి రాయండి. ట్రాన్‌స్క్రిప్ట్ నంబర్ లేని వేరియంట్ పిన్‌కోడ్ లేని చిరునామా లాంటిది.

క్లినికల్ వివరణ మీద మాత్రం ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. జబ్బు ఏ వయసులో మొదలైంది, మొదట ఏ లక్షణం, నడక ఎప్పుడు ఆగింది, ఎంఆర్ఐలో ఏముంది, ఏ మందు పనిచేసింది, ఏది పనిచేయలేదు. "మూర్ఛలు, అభివృద్ధి మందగించింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే, పదేళ్ల తర్వాత మరో దేశంలో ఇదే మార్పు చూసిన డాక్టర్‌కు మీ పేపర్ వల్ల ఉపయోగం ఉండదు.

రచయితల పేర్ల విషయం మొదటి రోజే మాట్లాడుకోండి. అంతర్జాతీయ మెడికల్ ఎడిటర్ల కమిటీ చెప్పిన నాలుగు షరతులూ తీరినవాళ్లే రచయితలు. పని చేయనివారి పేరు గౌరవం కోసం పెట్టడం తప్పు, పనిచేసిన ల్యాబ్ టెక్నీషియన్‌ను మరిచిపోవడం ఇంకా తప్పు. భాష దిద్దుకోవడానికి ఏఐ టూల్ వాడితే ఆ సంగతి పేపర్‌లో చెప్పాలి. దాన్ని రచయితగా పెట్టకూడదు. అది ఇచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటీ పబ్‌మెడ్‌లో తెరిచి చూడండి, లేని పేపర్లను ఉన్నట్టు చూపిస్తుంది.

8. పంపాక, అచ్చయ్యాక

తిరస్కరణ వస్తే రివ్యూయర్ అడిగినవి సరిచేసి రెండో జర్నల్‌కు పంపండి. రివిజన్ అడిగితే ప్రతి వ్యాఖ్యకూ విడిగా, మర్యాదగా, ఏ పేజీలో ఏం మార్చారో చెబుతూ జవాబివ్వండి. ఒప్పుకోలేనిదాన్ని ఆధారంతో కాదనవచ్చు, అదేమీ అవమానం కాదు.

పేపర్ అచ్చయ్యేలోపు వేరియంట్‌ను క్లిన్‌వార్ అనే బహిరంగ డేటాబేస్‌లో నమోదు చేయండి. పేపర్‌ను కొద్దిమంది చదువుతారు, క్లిన్‌వార్‌ను ఎన్నో ల్యాబ్‌లు చూస్తాయి. కర్నూలులోనో కొలంబోలోనో అదే మార్పు ఉన్న మరో బిడ్డకు వీయూఎస్ బదులు స్పష్టమైన జవాబు రావచ్చు.

ఆ తర్వాత కుటుంబాన్ని మళ్లీ పిలవండి. ఫలితాన్ని తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వండి: జన్యువు పేరు, మార్పు, జబ్బు, తర్వాతి కాన్పులో వచ్చే అవకాశం, గర్భంలో ఉండగా ఏ వారంలో ఎక్కడ పరీక్ష చేయించుకోవచ్చు. విల్సన్ జబ్బు లాంటివాటిలో లక్షణాలు లేని తోబుట్టువులకు కూడా వెంటనే పరీక్ష చేయాలి, ముందే మందు మొదలుపెడితే మెదడు, కాలేయం దెబ్బతినకుండా కాపాడవచ్చు. అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద అర్హత ఉన్నవాళ్లకు గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం అందుతుంది. మనకు దగ్గరలో హైదరాబాద్ నిమ్స్, సీడీఎఫ్‌డీ ఆ కేంద్రాల్లో ఉన్నాయి. జవాబు రాని కుటుంబాల ఫోన్ నంబర్లు, ముడి డేటా ఫైళ్లు విభాగంలో భద్రంగా ఉంచి, ఏడాదికోసారి మళ్లీ విశ్లేషించండి. మీరు కోర్సు పూర్తిచేసి వెళ్లేటప్పుడు ఆ జాబితాను మీ గైడ్ సమక్షంలో జూనియర్‌కు రాతపూర్వకంగా అప్పగించండి.